నాన్న గుమ్మంలో నిలబడ్డాడంటున్న బాబు

ప్రశ్న: పత్తి అప్పులు తీర్చలేక మావారు మూడు నెలల క్రితం పురుగుల మందు తాగి పోయారు. మా ఎనిమిదేళ్ళ బాబుతో నాన్న ఊరెళ్ళాడని చెప్పాం. ఆయుష్షు తీరకుండా పోయినవాళ్ళు దెయ్యాలై తిరుగుతారని ఎవరో అంటుంటే విన్నాడు. అప్పటినుంచి నాన్న గుమ్మంలో నిలబడ్డాడంటూ రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. తాయెత్తు కట్టించాం. పాత చందమామల్లో బేతాళ కథలు వదలకుండా చదువుతున్నాడు. అవి దాచేయమంటారా?
- ఒక సోదరి, పర్చూరు ప్రాంతం

జవాబు: దాచవద్దమ్మా. ఊరెళ్ళాడని మీరన్నారు, దెయ్యమయ్యాడని వీధి అంది. రెండింటి ప్రకారమూ నాన్న ఎక్కడో తిరుగుతూనే ఉన్నాడు. పసివాడికి భయం వేయక ఏమవుతుంది?

నిద్రమత్తులో పోయినవారు కనిపించడం పిచ్చి కాదు. భర్త పోయిన స్త్రీలలో చాలామందికి ఆయన దగ్గినట్టు, పిలిచినట్టు అనిపిస్తుంది. మీకూ అనిపించే ఉంటుంది.

అయిదేళ్ళలోపు పిల్లలకు చావంటే తిరిగి రాకపోవడమని సరిగా తెలియదు. ఎనిమిదేళ్ళకు చాలామందికి తెలుస్తుంది. కనుక పగటిపూట దగ్గర కూర్చోబెట్టుకొని, "నాన్న చనిపోయాడు, గుండె ఆగిపోయింది, ఇక ఆకలీ నొప్పీ ఉండవు, తిరిగి రాడు" అని చెప్పండి. "నిద్రపోయాడు" అనకండి, పడుకోవాలంటే జంకుతాడు. ఎలా పోయాడని అడిగితే అదీ చెప్పండి. లేకపోతే బడిలో ఇంకెవడో చెబుతాడు. "నాన్న బాధ తట్టుకోలేక మందు తాగాడు. నీవల్ల కాదు." ఈ చివరి మాట పదిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. తన అల్లరివల్లే నాన్న పోయాడని లోలోపల కుమిలే పిల్లలుంటారు. మీకు ఏడుపొస్తే వాడి ముందే ఏడవండి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు ఇలాగే కూలాయో మీ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఇక బేతాళుడు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడుస్తాడు. అది కథ చెప్పి, ప్రశ్న అడిగి, మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు మళ్ళీ వెనక్కి వెళతాడు, పారిపోడు. భయపడుతున్న పిల్లవాడు ఏరికోరి ఈ కథే చదువుతున్నాడంటే మీవాడు గట్టివాడే. మీరూ పక్కన కూర్చొని వినండి, అయితే పడుకునే వేళ మాత్రం కాదు. "నాన్న వస్తే ఏమడుగుతావు?" అనండి. వాడు ఏం చెప్పినా సరిదిద్దకండి.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. భూతవైద్యుడి చేత వేపమండలతో కొట్టించడం మాత్రం వద్దే వద్దు. పక్క తడిపాడని తిట్టకండి. రాత్రి చిన్న దీపం ఉంచి మీ పక్కనే పడుకోబెట్టుకోండి. దాహం ఎక్కువగా ఉన్నా, మూత్రంలో మంట ఉన్నా పరీక్ష చేయించండి, ఆలస్యం చేయవద్దు.

నెల దాటినా భయం తగ్గకపోతే, తిండి, బడి మానేస్తే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. "నేనూ నాన్న దగ్గరికి పోతా" అంటే ఆ రోజే బయలుదేరండి. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ గురించి కూడా చేయండి. ఉత్తరమంతా బాబు సంగతే రాశారు, మీరు తింటున్నారో నిద్రపోతున్నారో ఒక్క ముక్క లేదు.

ఇంట్లోగాని, కొట్టంలోగాని మందు డబ్బాలు మిగిలి ఉంటే ఈ రోజే తీయించేయండి.