దుమ్ము తీసే యంత్రానికీ శుచి అవసరం

గత శీతకాలంలో ఒక గృహిణి తన ఎనిమిదేళ్ళ కుమారుణ్ణి నా వద్దకు తీసుకొనివచ్చారు. బాలునికి ఉబ్బసం. ఇన్‌హేలర్ వాడుతున్నప్పటికీ ఆదివారం వచ్చిందంటే ఆయాసం అధికమవుతున్నది. "ఆ రోజు మీ ఇంట విశేషమేమిటమ్మా?" అని అడిగాను. "వ్యాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లంతా శుభ్రం చేస్తామండీ" అన్నారు. యంత్రంలోని సంచిని చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశారో ఆమెకు జ్ఞాపకం లేదు.

రోగి నాడి పట్టుకొనే ముందు అతడు నివసించే ఇంటిని గూర్చి విచారించవలెనని మా గురువుగారు బోధించేవారు. చరక సంహిత చికిత్సాస్థానం 17వ అధ్యాయంలో శ్వాసరోగ కారణాలలో ధూళి, పొగ చెప్పబడినవి. కారణాన్ని తొలగించనిదే ఏ ఔషధమూ పూర్తిగా ఫలించదు. దీనినే నిదాన పరివర్జనమన్నారు.

నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. చీపురు లేపే దుమ్మును అది లోనికి పీల్చుకొంటుంది. అయితే పీల్చిన గాలి సంచి, ఫిల్టర్‌ల గుండా పోయి తిరిగి గదిలోకే వస్తుంది. సంచి నిండితే గాలి ఆడదు. పీల్చే శక్తి తగ్గి మోటారు వేడెక్కుతుంది. సంచి చిరిగినా, ఫిల్టర్ సరిగా అమరకపోయినా సన్నని ధూళి వెనుకనుండి వెలువడుతుంది. కంటికి కనిపించే ముతక దుమ్ము త్వరగా నేలకు దిగుతుంది. కనిపించనిదే ఊపిరితిత్తులకు చేరుతుంది.

కావున గృహస్థులు ఈ నియమాలు పాటించవలెను. ముందుగా ప్లగ్ తీసివేయాలి. సంచి మూడింట రెండు వంతులు నిండగానే, ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఇంటి వెలుపల ఖాళీ చేయాలి. కాగితపు సంచి అయితే కొత్తది వేయాలి. ఉబ్బసమున్నవారు ఈ పని చేయరాదు. కడగదగిన ఫిల్టర్ అని తయారీదారులు తెలిపితేనే మంచినీటితో కడిగి, నీడలో 24 గంటలైనా ఆరనివ్వాలి. తడి ఫిల్టర్‌లో బూజు పెరుగుతుంది. అదీ ఉబ్బసాన్ని రేపేదే. బ్రష్షుకు చుట్టుకొన్న వెంట్రుకలను కత్తిరించి తీయాలి. ముగ్గుపిండి వంటి మెత్తని పొడులు ఫిల్టర్ రంధ్రాలను మూసివేస్తాయి. సాంబ్రాణి నిప్పుల బూడిదను పీల్పిస్తే లోపల సంచి అంటుకొనే ప్రమాదమున్నది.

ఆ తల్లి సంచి మార్చారు. శుభ్రం చేసే సమయంలో బాలుణ్ణి బయటికి పంపుతున్నారు. ఇన్‌హేలర్ ఆపవద్దని నేనే చెప్పాను. ఇప్పుడు ఆదివారం నాటి ఆయాసం బాగా తగ్గినదని తెలిపారు.

దసరా ఆయుధపూజనాడు ఇంటి యంత్రాలకు కుంకుమబొట్టు పెట్టడం మన ఆచారం. ఈ యంత్రానికి బొట్టు పెట్టే ముందు దాని సంచి, ఫిల్టర్ ఒకసారి విప్పి చూడవలెనని, ఆపై ప్రతి నెలా ఆ అలవాటును కొనసాగించవలెనని నా మనవి.