రంధ్రం చిన్నదే, మానాల్సిన గాయం చిన్నది కాదు

పోయినేడాది ఓ ఆదివారం మా అపార్ట్‌మెంట్లో షటిల్ ఆడుతుంటే కుడికాలి చీలమండ మడత పడింది. బెణుకే కదా అని స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి సోమవారం ఆఫీసుకెళ్ళిపోయా. అమ్మ ఫోన్లో చింతపండు పట్టు వేయమంది, అదీ వేశా. వాపు తగ్గింది. మళ్ళీ ఆడా, మళ్ళీ మడత పడింది. మూడోసారి ఉత్తినే మెట్లు దిగుతుంటే పడింది. అప్పుడు తీయించా ఎమ్మారై. బయటివైపు లిగమెంటు తెగి సాగిపోయింది, లోపల టాలస్ అనే ఎముక మీది కార్టిలేజ్ ఓ చోట లేచిపోయింది.

డాక్టరుగారు "ఆర్థ్రోస్కోపీ చేద్దాం, రెండు చిన్న రంధ్రాలు, మర్నాడే ఇంటికెళ్ళచ్చు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకా చాలా చెప్పారు కానీ, నా చెవికెక్కింది ఆ ముక్కే. మేనేజరుకి వారం సెలవు కావాలని మెయిలు పెట్టేశా. తీరా చూస్తే ఆరు వారాల పాటు ఆ కాలి మీద పూర్తి బరువు మోపలేదు. తప్పు డాక్టరుగారిది కాదు, రంధ్రం సైజు చూసి సెలవు లెక్కేసిన నాది. ఇలా లెక్కేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారని ఆఫీసులో నలుగురితో మాట్లాడాక అర్థమైంది.

ఈ పద్ధతిని తక్కువ చేయట్లేదు. 1931లో బర్మన్ అనే అమెరికన్ డాక్టరు, చీలమండ కీలు మరీ ఇరుకు, ఇందులోకి స్కోపు పనికిరాదు అని తేల్చేశాడు. 1972లో జపాన్ డాక్టరు వటనబే ఏకంగా 28 చీలమండల్లోకి స్కోపు పంపిన వివరాలు ప్రకటించాడు. ఇప్పుడు ముందువైపు రెండు చిన్న గాట్లు పెట్టి, ఒకదాంట్లోంచి 2.7 లేదా 4 మిల్లీమీటర్ల కెమెరా గొట్టం, రెండోదాంట్లోంచి పనిముట్లు పంపిస్తారు. కోత తక్కువ, నొప్పి తక్కువ. మంచిదే.

అయితే లోపల జరిగే పని సంగతేంటి? కార్టిలేజ్‌కి రక్తనాళాలు ఉండవు, అందుకే దానంతటది సరిగ్గా మానదు. దెబ్బ చిన్నదైతే మైక్రోఫ్రాక్చర్ చేస్తారు. పాడైన భాగం గీకేసి, కింది ఎముకకి సన్నటి చిల్లులు పెడతారు. మజ్జలోంచి వచ్చిన రక్తం అక్కడ గడ్డకట్టి, నెమ్మదిగా కొత్త పొర అవుతుంది. అది కూడా అసలు సరుకు కాదు, ఫైబ్రోకార్టిలేజ్ అనే కాస్త నాసిరకం. లిగమెంటుకైతే 1966లో స్వీడన్ సర్జన్ బ్రాస్ట్రామ్ చెప్పిన రిపేరునే ఇప్పుడు స్కోపుతోనూ చేస్తున్నారు. ఎముకలో యాంకర్ దింపి, దారంతో బిగిస్తారు. ఆ పొర గట్టిపడటానికీ, ఆ లిగమెంటు అతుక్కోవడానికీ పట్టే టైముకి పైన కోత ఎంతన్నదాంతో పనిలేదు. మన భాషలో చెప్పాలంటే ప్యాచ్ రెండు లైన్లే, టెస్టింగు మాత్రం నెలలు. మళ్ళీ ఆటలాడాలంటే లిగమెంటు ఒక్కటైనా సాధారణంగా మూడు నాలుగు నెలలు, కార్టిలేజ్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ.

రిస్కు అసలు లేదనీ కాదు. పాదం పైకెళ్ళే నరం ఒకటి బయటివైపు గాటు పక్కనుంచే పోతుంది. నాకు రెండు నెలలు పాదం మీద తిమ్మిరిగానే ఉండేది.

అలాగని ప్రతి బెణుక్కీ ఆపరేషను అక్కర్లేదు. చాలావరకు లిగమెంటు దెబ్బలు ఫిజియోథెరపీతోనే దారికొస్తాయి. పిక్క బలానికి వ్యాయామాలు, ఒంటికాలి మీద నిలబడే బ్యాలెన్స్ వ్యాయామాలు, అంతే. నెలల తరబడి అవి చేసినా కాలు జారిపోతూనే ఉంటే, లోపల నొప్పి తగ్గకపోతే, అప్పుడు సర్జన్ దగ్గరికెళ్ళాలి. దెబ్బ తగిలిన రోజు నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక నొక్కితే నొప్పెట్టినా ముందు ఎక్స్‌రే తీయించాలి. నేను మొదటి బెణుకప్పుడే రోజుకో పావుగంట వ్యాయామం చేసుంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

కాబట్టి ఆపరేషను తప్పదన్నప్పుడు "కోత ఎంత?" అని కాదు, "పూర్తి బరువు ఎప్పుడు మోపచ్చు? కారు ఎప్పుడు నడపచ్చు? ఫిజియో ఎన్ని నెలలు?" అని అడగండి. సెలవు మెయిలు ఆ తర్వాత పెట్టండి. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్నారు పెద్దలు. బెణుకు విషయంలో ఆ పెద్ద కర్ర ఆపరేషను కాదు, ఓపిక.