ఫోటో కింద పేరు

మా ఆఫీసు బీరువాలో ఒక అట్టపెట్టె ఉంది. సభల్లో, ధర్నాల్లో తీసిన ఫోటోలన్నీ అందులోనే. ఈ సంచిక అట్ట కోసం మొన్న వాటిని తిరగేస్తుంటే వెనకవైపు రాతలు కంటబడ్డాయి. అధికారుల పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. వాళ్ల పక్కనున్న స్త్రీలు మాత్రం ‘కూలీ మహిళ’, ‘బాధితురాలు’. రాసింది మేమే. అందులో నా చేతిరాత కూడా ఉంది.

నాకు 1868 నాటి ఒక ఫోటో గుర్తొచ్చింది. లకోటా ఆదివాసులతో అమెరికా ప్రభుత్వం ఫోర్ట్ లారమీ దగ్గర ఒప్పందం చేసుకుంటున్న రోజులవి. వాషింగ్టన్‌లో స్టూడియో నడిపే అలెగ్జాండర్ గార్డ్‌నర్ అక్కడికి వెళ్లి తీశాడు. శాంతి కమిషన్ సభ్యులు ఆరుగురు, మధ్యలో దుప్పటి కప్పుకున్న ఒక ఆడపిల్ల. ఆ ఆరుగురి పేర్లూ చరిత్రకెక్కాయి. ఆ పిల్ల చాలాకాలం పేరులేని ఆదివాసీ స్త్రీగానే మిగిలింది. ఆమె పేరు సోఫీ మూసో. తల్లి ఒగ్లాలా లకోటా. చరిత్రకారిణి మార్తా శాండ్‌వైస్ 2025లో వచ్చిన పుస్తకంలో ఆమె జీవితాన్ని వెలికితీసింది.

ఆ ఒప్పందం బ్లాక్ హిల్స్ కొండలు లకోటాలవేనంది. 1874లో అక్కడ బంగారం దొరికింది. 1877లో ప్రభుత్వం కొండల్ని లాక్కుంది. గోడు చెప్పుకోవడానికి వాషింగ్టన్ వెళ్లిన నాయకుల్ని స్టూడియోల్లో కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. అట్టలకంటించి అమ్మారు. భూమి పోయింది, ముఖాలు పరాయివాళ్ల ఆల్బముల్లో చేరాయి.

1879లో పెన్సిల్వేనియాలో పెట్టిన కార్లైల్ వసతి బడి ఇంకాస్త ముందుకు పోయింది. పిల్లలు రాగానే ఒక ఫోటో, జుట్టు కత్తిరించి యూనిఫాం తొడిగాక ఇంకో ఫోటో. ఊళ్లోని స్టూడియో యజమాని జాన్ చోట్ తీసినవి. ఆ జంట ఫోటోలను ‘నాగరికత’కు రుజువుగా పంచారు. బడి పత్రికకు చందాలు కట్టించినవాళ్లకు బహుమతిగా ఇచ్చారు. ఆ రెండు ఫోటోల మధ్య పిల్లలకేం జరిగిందో ఏ ఫోటోలోనూ లేదు. అక్కడే చనిపోయిన తొమ్మిదిమంది లకోటా పిల్లల అవశేషాలు 2021లో గానీ రోజ్‌బడ్‌కు, తమవాళ్ల దగ్గరికి చేరలేదు.

అందరూ నోరు మూసుకుని కూర్చోలేదు. సిట్టింగ్ బుల్ 1885లో బఫెలో బిల్ ప్రదర్శనలో చేరినప్పుడు వారానికి 50 డాలర్ల జీతంతో పాటు తన ఫోటోలు అమ్ముకునే హక్కు తనదేనని కాగితం మీద రాయించుకున్నాడు. సోదర తెగ యాంక్టన్ డకోటాలో పుట్టిన గెర్ట్రూడ్ సిమన్స్ లకోటా మాటల్లో ‘ఎర్ర పిట్ట’ అని, జిత్కాలా-షా అని తనకు తానే పేరు పెట్టుకుంది. 1898లో న్యూయార్క్‌లో గెర్ట్రూడ్ కాసెబియర్ తీసిన ఫోటోల్లో ఆమె ఆదివాసీ దుస్తుల్లోనూ ఉంది, తెల్ల గౌనులో వయొలిన్ పట్టుకునీ ఉంది. 1900లో ఆ పేరుతోనే వసతి బడుల గుట్టు పత్రికకెక్కించింది.

ఇదంతా ఎక్కడి గొడవో అనుకోకండి. మన దగ్గరా థర్‌స్టన్ 1909లో అచ్చేసిన ఏడు సంపుటాల్లో ఫోటోల కింద మనుషుల పేర్లు కాదు, కులాల పేర్లున్నాయి. ఆయన దొర. మరి మనం?

పేరు వేయడమే న్యాయమని నేననడం లేదు. అత్యాచారానికి గురైన స్త్రీ ఆనవాళ్లు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. కొట్టే మొగుడి నుంచి తప్పించుకుని వచ్చినామె తన ముఖం చూపొద్దనవచ్చు. అది ఆమె నిర్ణయం. ఆమె వద్దనడం వేరు, మనం అడగకపోవడం వేరు. హక్కుల గురించి రాసే పత్రిక ఈ తేడా మరిస్తే ఎలా?

ఇకమీదట ఫోటో తీసేముందు అడుగుతాం. ఎక్కడ వేస్తామో చెబుతాం. ఆమె చెప్పిన పేరు, చెప్పినట్టే రాస్తాం. అచ్చయిన ప్రతి ఆమెకు అందజేస్తాం. పాత ఫోటోల్లోని స్త్రీలెవరో తెలిసిన పాఠకులుంటే ముందు వాళ్లనే అడిగి, ఆ తర్వాత మాకు రాయండి.

ఈసారి అట్ట మీద ఫోటో లేదు. నాకు నచ్చిన ఫోటో ఒకటుంది. అందులో ఉన్నామెను ఇంకా అడగలేదు.