పరగడుపు రిపోర్టు సగం కథే!

ఫాస్టింగ్ 92 వచ్చింది, ఇక షుగర్ భయం లేదనుకుంటున్నారా? ఆగండి, అది సగం కథే.

చాలామందిలో తేడా ముందు బయటపడేది తిన్న తర్వాతే. అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరుతుంది. ఇన్సులిన్ చాలినంత రాకపోయినా, సరిగా పనిచేయకపోయినా అది రక్తంలోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. రాత్రంతా ఏమీ తినం కాబట్టి తెల్లారేసరికి అంకె మామూలుగానే కనిపిస్తుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకి ఇది మరీ ముఖ్యం. మనది వరి పండే డెల్టా. పేరున్న సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పుట్టింది బాపట్లలోనే. మన కంచంలో అన్నం కొండంత, కూర గోరంత! 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరికి గ్లైసీమిక్ ఇండెక్స్ 55 లోపే. అలాగని రెండింతలు లాగించేస్తే లాభం లేదు.

పరీక్ష ఎలా? రోజూ తినేదే తినండి. మొదటి ముద్ద నోట్లో పెట్టిన టైమ్ ఫోన్‌లో నోట్ చేసుకోండి. సరిగ్గా 2 గంటలకి ల్యాబ్‌లో రక్తం ఇవ్వండి. ఆ ఒక్కరోజు డైట్ చేస్తే మోసపోయేది మనమే! 140 దాటితే అది హెచ్చరిక. డాక్టర్‌ని కలిస్తే అవసరాన్ని బట్టి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 2 గంటలకి మళ్లీ పరీక్ష చేయిస్తారు. అందులో 140 లోపు నార్మల్, 140–199 ప్రీ డయాబెటిస్, 200, ఆపైన అయితే షుగర్ కిందే లెక్క.

ప్రీ డయాబెటిస్ అన్నారని బెంబేలెత్తక్కర్లేదు. ఈ దశలో ఉన్నవాళ్లపై చెన్నైలో చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. తిండి మార్చుకుని, రోజూ నడిచినవాళ్లలో మూడేళ్లలో షుగర్ వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. మీరూ ఒక గరిటె అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. తినగానే మంచమెక్కకుండా, ఫోన్ మాట్లాడుతూనైనా పది నిమిషాలు నడవండి. ఎవరో చెప్పారని మాత్రలు మాత్రం మొదలుపెట్టొద్దు.

ప్రభుత్వ స్క్రీనింగ్ 30 ఏళ్లు దాటినవాళ్లకి. మరి పాతికేళ్ల వాళ్లో? అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా, నడుము కొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటినా, పీసీఓఎస్ ఉన్నా, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినా 30 దాకా ఆగొద్దు. ఈసారి ల్యాబ్‌కి వెళ్తే తిన్న తర్వాతి పరీక్ష కూడా అడగండి.