బంజరు అను మాట

అలాస్కా ఉత్తర తీరమును గూర్చిన చర్చలలో ఒక వాదము తరచు వినవచ్చుచుండును: అచట మంచు తప్ప మరేమియు లేదు, లేనిదానికి నష్టమెక్కడిది? మన రెవెన్యూ లెక్కలలో 'బంజరు' అను మాట చేసిన పనినే అచట ఈ వాదము చేయుచున్నది. హిందీలోను తెనుగులోను ఆ మాట ఒక్కటే; దాని వాడుకయు ఒక్కటే. పశువులు మేసినను, పేదలు పుల్లలేరుకొన్నను, శిస్తు రాని నేల బంజరే.

ఆ బంజరులో ఏమున్నదో చూతము. వేసవి తొలినాళ్ళలో పోర్క్యుపైన్ మందలోని కారిబూ మృగములు వందల మైళ్ళు నడచి వచ్చి, సాధారణముగా ఆర్కిటిక్ అభయారణ్యపు తీరమైదానముననే ఈనును. ఆ మందపై ఆధారపడి బ్రదుకు గ్విచిన్ జనులు ఆ చోటును జీవము మొదలగు పవిత్ర స్థలమందురు. 1980 నాటి శాసనము అందు సుమారు 15 లక్షల ఎకరములను గూర్చిన నిర్ణయమును భవిష్యత్తునకు విడిచినది. 2017లో పన్నుల చట్టమున ఒక ప్రకరణము చేర్చి, దానిని చమురు కౌలునకు తెరచిరి. జీవము మొదలగు చోటు పన్నుల పద్దులో చేరినది!

తీరవాసులైన ఇనుపియాట్ జనులలో పలువురు చమురును కోరుచున్నారనుట నిజము. 1968లో ప్రూడో బే వద్ద చమురు బయల్పడిన పిదప, దానిపై వచ్చిన పన్నులతో వారికి బడులు, వైద్యశాలలు సమకూడినవి. వారిని నిందించు హక్కు మనకు లేదు. కాని బడి కొరకు తీరమును తాకట్టు పెట్టవలసిన స్థితి కల్పించిన ప్రభుత్వమును అడుగకుండుటెట్లు?

భద్రముగా తీయుదుమనుట రెండవ వాదము. 1989లో ఎక్సాన్ వాల్డిజ్ ఓడ నుండి సుమారు 110 లక్షల గాలన్ల అలాస్కా చమురు సముద్రము పాలయ్యెను. 2006లో ప్రూడో బే వద్దనే, తుప్పు తిన్న గొట్టము నుండి 2 లక్షల గాలన్లకు పైగా నేలపై కారెను.

1977లో పూర్తియైన 800 మైళ్ళ గొట్టపు మార్గమున సగమునకు పైగా స్తంభములపై నిలిచియున్నది. వేడి చమురు సోకిన, గడ్డకట్టిన నేల కరగును గదా! పెక్కు స్తంభములలో నేలవేడిని పైకి పంపు నాళములను సైతము అమర్చిరి. ఆ గొట్టమున పారు చమురే కాలి, గాలిని వేడెక్కించి, ఆ నేలను కరగించుటలో పాలుపంచుకొనుచున్నది. కూర్చున్న కొమ్మను నరకుకొనువాని కథ మనకు క్రొత్త కాదు. కొమ్మకు కట్టు కట్టుచు మొదలు నరకువానిని మాత్రము ఇప్పుడు చూచుచున్నాము.

2025 జనవరిలో ఆ మైదానమును వేలమునకు పెట్టగా ఒక్క పాటయు రాలేదు. అదే సంవత్సరము జూలైలో, మరి నాలుగు వేలములైనను జరుపవలెనని శాసనము చేసిరి. వ్యాపారి వలదన్న దానిని ప్రభుత్వము బలవంతముగా అమ్మజూచుచున్నది. బంజరు ఆ నేల కాదు, ఆ చూపు.