బెత్తం కాదు, అంచెలవారీ అండ కావాలి



ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు మాట వినాలంటే బడిలోకి బెత్తం తిరిగి రావాలన్న పాఠకుడి లేఖ చదివి బాధ కలిగింది. వరంగల్ బడుల్లో పాఠాలు చెప్పినదాన్ని కనుక ఆయన ఆవేదన నాకు అర్థమవుతుంది. పరిష్కారాన్ని మాత్రం ఒప్పుకోలేను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. కొట్టొద్దంటే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయమని కాదు.

అమెరికాలో 1990ల చివరి నుంచి చాలా బడులు మూడంచెల పద్ధతి పాటిస్తున్నాయి. భోజనం వరసలో ఎలా నిలబడాలి, తగాదా వస్తే ఎవరికి చెప్పాలి వంటివి ముందుగా అందరికీ పాఠంలాగే నేర్పుతారు. సుమారు 80 శాతం మందికి అదే చాలని అక్కడి అంచనా. మిగిలినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది పట్టించుకునే ఒక పెద్ద మనిషి. రోజూ ప్రార్థనకు ముందు ఒక టీచరు ఆ పిల్లాణ్ని పలకరించి, ఆనాటి లక్ష్యం చిన్న కార్డు మీద రాసిస్తారు. ప్రతి పీరియడ్‌లో దాని మీద గుర్తు పెడతారు. సాయంత్రం ఇద్దరూ కలిసి చూసుకున్నాక కార్డు ఇంటికి వెళ్తుంది. ఇది రేపే మన బడుల్లో మొదలుపెట్టవచ్చు, నిధుల కోసం చూడనక్కర్లేదు.

నూటికి అయిదుగురికి మాత్రం కౌన్సెలర్, తల్లిదండ్రులు కలిసి విడిగా ప్రణాళిక వేయాలి. మనకు లోటు అక్కడే. మండలానికొక కౌన్సెలర్ కోసం హనుమకొండ, వరంగల్ జిల్లాల విద్యాధికారులు ప్రతిపాదన పంపాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు గట్టిగా అడగాలి. అప్పటిదాకా తల్లిదండ్రులు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కో, మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 టెలిమానస్‌కో ఫోన్ చేయవచ్చు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, హనుమకొండ