ముందు ‘ఎవరు?’, తర్వాతే ‘ఎంత?’

దసరా సెలవులకు తాండూరు వెళ్తే, మా చిన్నాయన కొడుకు కొత్తింట్లో టీవీ పక్కన ఒక కంచు విగ్రహం కనబడింది. జానెడు ఎత్తు. విరబోసుకున్న జుట్టు, ఒంటి మీద కవచం, చెప్పుల్లేని పాదాలు. పాదాల దగ్గర తాబేలు, దాన్ని చుట్టుకున్న పాము. వీపు మీద చిన్న రంధ్రం. “చైనా బుద్ధుడు అన్నా! యాంటిక్ పీసు, నాలుగొందల ఏండ్లదట. హైదరాబాద్‌ల ఒకాయన దగ్గర తీస్కున్న. ఉత్తరం దిక్కున పెడితే మంచిదన్నడు” అన్నాడు మావాడు. ఎంత పెట్టి కొన్నాడో అడక్కముందే చెప్పాడు.

ఉత్తరం మాట ఒక్కటే నిజం. అది కూడా అమ్మినవాడికి తెలిసి చెప్పిన నిజం కాదు. ఆయన బుద్ధుడు కాదు, జెన్‌వు. తావో మతంలో ఉత్తర దిక్కుకు అధిపతి. పాము చుట్టుకున్న తాబేలు చైనావాళ్ళకు ఉత్తర దిక్కు గుర్తు. కవచం తొడుక్కుని కూడా వట్టి కాళ్ళతో, ముడి వేయని జుట్టుతో ఉండే దేవుడు కాబట్టి గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. మింగ్ చక్రవర్తి యోంగ్లె ఈయన్ని తన వంశాన్ని కాచే దేవుడిగా కొలిచాడు. వుడాంగ్ కొండ మీద ఈయన కోసం కట్టించిన కంచు గుడి 1416 నాటిది, ఇప్పటికీ ఉంది. అంతటి దేవుడు మన దగ్గరికొచ్చేసరికి ‘షోపీసు’ అయ్యాడు.

నా గొడవంతా ఆ మాటతోనే. ఇదొక్క ఇంటి సంగతి కాదు. ఏ ఊళ్ళోనైనా బజారుకెళ్ళి చూడండి. గల్లాపెట్టె పక్కన నోట్లో నాణెంతో మూడు కాళ్ళ కప్ప ఉంటుంది. అది లియు హాయ్ అనే తావో సిద్ధుడి కప్ప. సిద్ధుణ్ణి వదిలేసి కప్పను మాత్రం తెచ్చుకున్నాం, డబ్బు దాని నోట్లో ఉంది కాబట్టి. ‘లాఫింగ్ బుద్ధ’ బుద్ధుడే కాదు, పదో శతాబ్దపు చైనా భిక్షువు బుడాయ్. ఎవరో తెలియని వాళ్ళని వరసగా నిలబెట్టి, వాస్తు అని ఒక చీటీ అంటించి అమ్మేస్తున్నాం.

“బొమ్మే కదా, అంత రాద్ధాంతం ఎందుకు?” అంటారు. బొమ్మ కాదు. వీపు మీది ఆ రంధ్రం చూడండి. చైనాలో విగ్రహం పోతపోసినంత మాత్రాన దేవుడు కాడు. లోపలి బోలులో ధాన్యం, నాణేలు, పట్టుదారాలు, రాసిన ప్రార్థనలు పెట్టి మూసేస్తారు. తర్వాత కళ్ళకు చుక్క పెడతారు. ఆ తంతు పేరు ‘కైగువాంగ్’, అంటే వెలుగు తెరవడం. మన నేత్రోన్మీలనం, పీఠం కింద వేసే యంత్రం, నవధాన్యాలు తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? మావాడింట్లో ఆ రంధ్రానికి మూత లేదు. వాళ్ళ పాప అందులో పెన్సిల్ ముక్కలు దాచుకుంటోంది. పాపనేం అంటాం? దానికి ఎవరూ చెప్పలేదు.

“అసలు అది నకిలీ అయితే?” అని ఇంకో ప్రశ్న. కావచ్చు. తుప్పును రసాయనాలతో వారంలో తెప్పించవచ్చు. షువాందె (1426–1435) కాలపు ముద్రను తర్వాతి శతాబ్దాల్లో ఎన్ని కంచు వస్తువుల మీద వేశారో లెక్కలేదు. రంధ్రాన్ని కూడా నకలు చేస్తారు. అయితే వ్యాపారి మాటనే పట్టుకుందాం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు, దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి. లైసెన్సూ లేదు, కాగితమూ ఇవ్వలేదు. నాలుగొందల ఏళ్ళ మాట నిజమైతే ఆయన చట్టం తప్పాడు, అబద్ధమైతే మావాణ్ణి ముంచాడు. మూడో దారి లేదు.

నేను కోడు రాసుకునేవాణ్ణి. ఎవరు రాశారో, ఎప్పుడు ఎందుకు మార్చారో చరిత్ర లేని కోడు వస్తే మా టీములో ఎవరూ ముట్టుకోరు. అదే మనుషులం, పుట్టుపూర్వోత్తరాలు లేని దేవుణ్ణి మాత్రం కార్డు గీకి ఇంటికి తెచ్చుకుంటాం.

“మ్యూజియంలు చేసిందీ ఇదే కదా?” అన్నది గట్టి ప్రశ్న. గుళ్ళో ఉండాల్సినదాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం నాకూ మింగుడు పడదు. కానీ మ్యూజియం కనీసం పేరు రాయడానికి, ఎక్కడిదో చెప్పడానికి కట్టుబడి ఉంటుంది. చదవనిది మనం. సాలార్‌జంగ్‌లో చైనా, జపాన్ గదులున్నాయి. బడి టూరులో నేను వాటి గుండా పరిగెత్తాను, గడియారంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే వేళకి అందుకోవాలని.

ఈ ‘ఎవరు? ఎక్కడిది?’ మన మెడకూ చుట్టుకుంటుంది. ప్రకాశం జిల్లా చందవరంలోని మూడో శతాబ్దపు బౌద్ధ శిల్పం ఒకటి దొంగల పాలైంది. 2005లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని కొన్నది. చందవరానిదేనని తేలాకే 2016లో తిరిగిచ్చింది. అప్పుడు మనం పొంగిపోయాం. అక్కడ దాన్ని చూసి మురిసినవాళ్ళకీ, టీవీ పక్కన జెన్‌వుని పెట్టుకున్న మావాడికీ తేడా ఏమిటి? మన దేవుడు పోతే దొంగతనం, వాళ్ళ దేవుడొస్తే డెకరేషనా? 1966 తర్వాత సాంస్కృతిక విప్లవంలో చైనాలో ఎన్ని గుళ్ళు పాడయ్యాయో, ఎన్ని విగ్రహాలు కరిగిపోయాయో తెలిసినవాళ్ళు ఆ రంధ్రంలోకి చూసి నవ్వలేరు.

కొనొద్దని నేననను. కొనేముందు అడగమంటున్నా. ఈయనెవరు? ఏ గుడి నుంచి? ఏ చేతుల మీదుగా? జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే, పేరైనా తెలుసుకోండి.

ఆ రోజు ఇంటికి వచ్చిపోయినవాళ్ళంతా ధర అడిగారు. మా అవ్వ ఒక్కతే, చదువు రానిది, చేతులు జోడించి “గీ సామి ఎవరు బిడ్డా?” అంది.